మడమ టెండన్ దెబ్బ తరవాత మళ్ళీ ట్రయథ్లాన్: 27 వారాల డైరీ

ఎడమ మడమ వెనక ఎకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే పట్టీ) పాడై ఐదేళ్ళు రేసులకు దూరమయ్యాను. మొదటి రెండేళ్ళు కాస్త తగ్గగానే పరిగెత్తడం, మళ్ళీ నొప్పి, మళ్ళీ ఆపడం. తరవాతి మూడేళ్ళు ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు వయసు 43. ఈ డైరీ స్ప్రింట్ దూరం రేసు దాకా సాగిన 27 వారాల లెక్క. స్ప్రింట్ అంటే 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఇదే దెబ్బతో తిరిగి మొదలుపెట్టేవాళ్ళు నాలాగా వారాలు పోగొట్టుకోకూడదని రాస్తున్నాను, అందుకే బాగా జరిగినవి త్వరగా దాటేసి చెడినవాటి దగ్గర ఎక్కువసేపు ఆగాను. నేను డాక్టర్ని కాను, ఫిజియోని కాను. మీ మడమని ఒకసారి సరిగ్గా చూపించుకున్నాకే ఇందులోది ఏదైనా వాడండి. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో మొదటి దశలోనే తెలుస్తుంది.

వారం 0: కొలతలు

ఒక టేపు, ఒక స్టాప్‌వాచ్, ఒక నోటుపుస్తకం. సైకిల్‌కి పాత పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో చూపించేది) ఉంది, దాని బ్యాటరీ గదిలో తుప్పు పట్టి ఉంటే గీకి శుభ్రం చేశాక పనిచేసింది.

- ఒంటికాలి మీద మడమ ఎత్తడం: కుడి 24 సార్లు, ఎడమ 9 సార్లు (నొప్పి 10కి 4)
- పిక్క చుట్టుకొలత, మోకాలిచిప్ప కింది అంచు నుంచి 12 సెం.మీ. దిగువన: కుడి 37.2 సెం.మీ., ఎడమ 35.6
- పొద్దున్న మంచం దిగాక మొదటి పది అడుగుల్లో నొప్పి: 10కి 4
- పొద్దున్న బిగుతు వదలడానికి: 35 నిమిషాలు
- వీసా-ఎ ప్రశ్నావళి (ఎకిలిస్ కోసమే తయారుచేసింది, పూర్తి ఆరోగ్యం అంటే 100): 48
- నిద్ర లేచాక నాడి: 66
- బరువు: 79.5 కిలోలు
- ఈత: 400 మీటర్లు 10:24, 200 మీటర్లు 4:50
- సైకిల్: 20 నిమిషాల సగటు 168 వాట్లు, అందులో 95 శాతం (గంటసేపు నిలబెట్టుకోగల శక్తికి అంచనా) 160 వాట్లు

ఈత కొలత గురించి ఒక మాట. 400 సమయంలోంచి 200 సమయం తీసేసి సగం చేస్తే వచ్చేది 100 మీటర్లకు మీరు నిలబెట్టుకోగల వేగం, దాన్నే సీఎస్ఎస్ అంటారు. నాది 624 సెకన్లలోంచి 290 పోతే 334, అందులో సగం 167, అంటే 2:47. దెబ్బ తగలకముందు ఇదే 1:58 ఉండేది.

మోకాలు గోడకు తాకించి చీలమండ ఎంత వంగుతుందో చూసే కొలత కూడా తీసుకున్నాను. కుడి 11 సెం.మీ., ఎడమ 8. ఇది మళ్ళీ తీసుకోలేదు, ఆ కొలతకే మర్నాడు నొప్పి పెరిగింది. అది ఒక సూచన అని నాకప్పుడు తెలియలేదు.

దశ 1 (వారాలు 1–5): తప్పు వ్యాయామంతో పన్నెండు రోజులు

ఎకిలిస్ నొప్పికి బాగా పేరున్న పద్ధతి ఒకటుంది. స్వీడన్‌లో ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించింది. మెట్టు అంచు మీద నిలబడి మడమని మెట్టుకన్నా కిందికి మెల్లగా దించాలి, మోకాలు నిటారుగా 15 చొప్పున మూడు సార్లు, వంచి మరో మూడు సార్లు, రోజుకు రెండు పూటలా, 12 వారాలు. రోజుకు 180. నేను పన్నెండు రోజులు ఒక్క పూట కూడా వదలకుండా చేశాను. మొత్తం 2,160. పొద్దున్న నొప్పి 4 నుంచి 6కి పెరిగింది.

పదమూడో రోజు ఫిజియో దగ్గరికి వెళ్తే ఆవిడ రెండు వేళ్ళతో టెండన్ పొడవునా నొక్కుకుంటూ వచ్చి సమస్య ఎక్కడుందో చూపించారు. ఆ పద్ధతి టెండన్ మధ్యభాగంలో, అంటే మడమ ఎముకకు 2 నుంచి 6 సెం.మీ. పైన నొప్పి ఉన్నవాళ్ళకు బాగా పనిచేసినది. నా నొప్పి టెండన్ ఎముకకు అతుక్కునే చోటే ఉంది. మడమని మెట్టు కిందికి దించిన ప్రతిసారీ టెండన్ అక్కడ ఎముకకేసి నలుగుతుంది. గోడ కొలత తీసుకున్నప్పుడు జరిగిందీ అదే, పొద్దున్నే నేను చేసుకుంటున్న పిక్క సాగదీతల్లో జరిగిందీ అదే. రెండు వేళ్ళతో నొక్కి చూస్తే తేలే విషయానికి నేను పన్నెండు రోజులు పెట్టాను.

మూడో వారం నుంచి మార్చిన వ్యాయామం ఇది:

1. చదును నేల మీద మాత్రమే. మడమ నేలకన్నా కిందికి దిగే ఏ భంగిమా వద్దు.
2. పైకి 3 సెకన్లు, కిందికి 3 సెకన్లు. ఫోన్‌లో మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మని లయ వేసేది) పెట్టుకున్నాను, లేకపోతే తెలియకుండానే వేగం పెరుగుతుంది.
3. వారానికి మూడు సార్లే, రోజు విడిచి రోజు.
4. మొదటి వారం 15 చొప్పున 3 సెట్లు, తరవాతి రెండు వారాలు 12 చొప్పున 3, ఆపై రెండు వారాలు 10 చొప్పున 4, మూడు వారాలు 8 చొప్పున 4, చివరి నాలుగు వారాలు 6 చొప్పున 4. సంఖ్య తగ్గేకొద్దీ వీపు సంచిలో బరువు పెరగాలి, సెట్టులో చివరిది కష్టంగా రావాలి.
5. చేస్తున్నప్పుడు 10కి 4 దాకా నొప్పి ఫరవాలేదు, మర్నాడు పొద్దున్నకి మామూలు స్థాయికి వచ్చేయాలి.
6. సాగదీతలు పూర్తిగా బంద్. రోజువారీ బూట్లలో మడమ కింద చిన్న ఎత్తు ముక్క.

వీపు సంచి 8 కిలోలతో రెండు కాళ్ళ మీద మొదలైంది. మొదటి పది రోజులు నొప్పి ఎక్కువ ఉన్న పూట, మడమ సగం ఎత్తి 45 సెకన్లు కదలకుండా నిలబడడం, రెండు నిమిషాలు విరామం, అలా ఐదు సార్లు చేశాను. అది నొప్పిని ఆ పూటకి తగ్గించింది, అంతకన్నా దాన్నుంచి ఆశించలేదు.

ఈతలో అనుకోని సమస్య వచ్చింది. ఈత మడమకి విశ్రాంతి అనుకుంటాం, కానీ గోడ దగ్గర తిరిగి కాళ్ళతో తన్నినప్పుడల్లా అది ఒక గెంతే. 25 మీటర్ల కొలనులో 1,000 మీటర్లు ఈదితే 39 తన్నులు. రెండో వారంలో ఈత మర్నాడే నొప్పి ఎందుకు పెరుగుతోందో ఆలోచిస్తే ఇది దొరికింది. అప్పటినుంచి మామూలు మలుపు తిరిగి కుడికాలితో మాత్రమే తన్నడం మొదలుపెట్టాను. ఫిన్స్ (పాదాలకు తొడిగే రబ్బరు రెక్కలు) కూడా పక్కన పెట్టేశాను.

సైకిల్ మీద రెండు రోజులు పోయాయి. ఐదేళ్ళు ఒకేచోట నిలబెట్టిన సైకిల్ ఎక్కేముందు ఇవి చూసుకోండి:

1. టైరు పక్కగోడలు వంచి చూడండి. నావి సన్నగా పగిలి ఉన్నాయి, రెండూ మార్చాను.
2. చైను 12 లింకుల పొడవు కొత్తలో 304.8 మి.మీ. 306.3 దాటితే మార్చే సమయం వచ్చినట్టే. నాది 307. కొత్త చైను వేస్తే వెనక పళ్ళచక్రాల్లో మూడింటి మీద జారింది, కాబట్టి క్యాసెట్ (ఆ పళ్ళచక్రాల సెట్టు) కూడా మార్చాల్సి వచ్చింది.
3. బ్రేకు రబ్బర్లు గోటితో నొక్కండి. రాయిలా ఉంటే పనికిరావు.
4. హ్యాండిల్ బోల్టులు టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించేది), బోల్టుల పక్కన రాసి ఉన్న అంకెకే బిగించండి.
5. పవర్ మీటర్‌ని ప్రతి రైడుకీ ముందు సున్నా చెయ్యండి.

కూర్చునే కొలతలు కూడా మారాయి. క్లీట్ (బూటు అడుగున ఉండి పెడల్‌కి బిగుసుకునే ముక్క) బూటు ముందువైపు ఉన్నకొద్దీ పెడల్ తొక్కడంలో పిక్క మీద పని పెరుగుతుంది, అందుకని రెండు క్లీట్లూ 6 మి.మీ. వెనక్కి జరిపాను. అలా జరిపితే కాలు కాస్త పొట్టి అయినట్టే, కాబట్టి సీటు కూడా దించాలి. 72.8 సెం.మీ. నుంచి 72.4కి, వారం తరవాత 72.0కి. ఒకేసారి దించకండి. సీటు మరీ ఎత్తుంటే కింద వేళ్ళు పొడిచి తొక్కాల్సి వస్తుంది, మరీ తక్కువుంటే పెడల్ పైకొచ్చినప్పుడు చీలమండ ఎక్కువ వంగి టెండన్ మళ్ళీ అదే చోట నలుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న జాగా మిల్లీమీటర్లలోనే ఉంది.

ఇప్పటివరకు మొత్తం (వారం 5 చివర): ఈత 13 సార్లు, 14.2 కి.మీ. సైకిల్ 14 సార్లు, 10 గంటల 30 నిమిషాలు. నేలమీది బరువు వ్యాయామం 9 సార్లు. పరుగు 0. పొద్దున్న అంకె (మొదటి పది అడుగుల్లో నొప్పి) 2, బిగుతు 15 నిమిషాలు. ఎడమకాలి మీద 14 సార్లు.

దశ 2 (వారాలు 6–9): నడక-పరుగు, ఆ తరవాత నేను చేసిన పెద్ద తప్పు

పరుగు మొదలుపెట్టడానికి ముందు మూడు షరతులు పెట్టుకున్నాను. 30 నిమిషాలు చురుగ్గా నడిస్తే నొప్పి 2 దాటకూడదు, ఎడమకాలి మీద కనీసం 14 సార్లు మడమ ఎత్తగలగాలి, ఎడమకాలితో పది చిన్న గెంతులు వేస్తే మర్నాడు తేడా ఉండకూడదు. ఆరో వారంలో మూడూ కుదిరాయి.

- వారం 6: 1 నిమిషం పరుగు, 2 నిమిషాలు నడక, 8 సార్లు. వారంలో మూడు రోజులు. పరుగు 24 నిమిషాలు.
- వారం 7: 2 పరుగు, 2 నడక, 6 సార్లు, మూడు రోజులు. 36 నిమిషాలు.
- వారం 8: 3 పరుగు, 1 నడక, 6 సార్లు, మూడు రోజులు. 54 నిమిషాలు.
- వారం 9: 5 పరుగు, 1 నడక, 4 సార్లు. రెండు రోజులు బాగా జరిగింది. 40 నిమిషాలు.

ఆ వారం మూడో పరుగు రోజున నడక విరామాలు తీసేశాను. 29 నిమిషాల్లో 5.2 కి.మీ., చివరి కిలోమీటరు 4:58. నాడి 148 దాటలేదు, ఊపిరి తేలిగ్గా ఉంది, మడమలో ఆ పూట ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున్న మంచం దిగితే 6. గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళాను. బిగుతు వదలడానికి 50 నిమిషాలు. అంతకు ముందురోజు సాయంత్రమే 14 కిలోల సంచితో బరువు వ్యాయామం కూడా చేసి ఉన్నాను.

ఎందుకిలా జరిగిందో మూడు రోజులు కూర్చుని నోటుపుస్తకం తిరగేశాను. సైకిల్ అంకె అప్పటికే 160 నుంచి 184 వాట్లకు వచ్చింది. వ్యాయామం మానితే రక్తంలోని ద్రవభాగం మొదటి కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, మళ్ళీ మొదలుపెడితే అంతే త్వరగా తిరిగొస్తుంది, గుండె ఊపిరి అందుకే ముందు కోలుకుంటాయి. టెండన్ సంగతి వేరు. దానికి రక్తం అందేదే తక్కువ. గట్టిగా బరువు పడ్డాక మొదటి ఒకటి ఒకటిన్నర రోజు దాకా అందులో కొల్లాజెన్ (టెండన్‌కి బలమిచ్చే ప్రోటీన్) కట్టుకునే దానికన్నా విరిగేదే ఎక్కువ, లాభం కనిపించేది ఆ తరవాతే. పరుగులో ఒక్కో అడుగుకి ఆ టెండన్ మీద శరీర బరువుకు 6 నుంచి 8 రెట్లు బలం పడుతుంది. నేను ఊపిరిని చూసి వేగం పెంచుకున్నాను, ఆ వేగం భరించాల్సింది మడమ. మడమ అదే రోజు చెప్పదు, మర్నాడు పొద్దున్న చెబుతుంది.

ఈ 27 వారాల్లో నేను నేర్చుకున్నది ప్రధానంగా ఇదొక్కటే. దీన్ని బట్టే మిగతా ప్లాన్ అంతా తిరగరాశాను.

ఇప్పటివరకు మొత్తం (వారం 9 చివర): పరుగు 183 నిమిషాలు, అందులో చివరి 29 నిమిషాల వల్ల నాకు మూడు వారాలు ఖర్చయ్యాయి. ఈత 33.6 కి.మీ. సైకిల్ 27 గంటలు.

వారాలు 10–12: పరుగు లేదు

పూర్తి విశ్రాంతి తీసుకోలేదు, గతంలో రెండేళ్ళు చేసిన పొరపాటు అదే. పూర్తిగా ఆపేస్తే నొప్పి తగ్గుతుంది, దాంతోపాటు టెండన్ మోయగల బరువూ తగ్గుతుంది, మళ్ళీ మొదలుపెట్టగానే ఇంకా తక్కువ పనికే దెబ్బ తింటుంది. వీపు సంచి 14 నుంచి 6 కిలోలకు దించి, పదో వారంలో ఒక్కసారి వదిలేసి, మిగతావన్నీ చేశాను. పొద్దున్న అంకె 6, 5, 5, 4 అలా దిగుతూ పన్నెండో వారం చివరికి 2కి వచ్చింది.

పదకొండో వారంలో జ్వరం వస్తే డాక్టర్‌కి టెండన్ సంగతి ముందే చెప్పాను. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ టెండన్‌కి హాని చేసే ప్రమాదం ఉంది, కాబట్టి ఎకిలిస్ బాధ ఉన్నవాళ్ళు మందు రాయించుకునే ముందు ఈ మాట తప్పకుండా చెప్పాలి. ఇది చాలామందికి తెలియదు.

మార్చినవి, ఎందుకు మార్చానో:

1. పొద్దున్న అంకె చూశాకే ఆ రోజు ఏం చెయ్యాలో నిర్ణయం. 0–2 అయితే ప్లాన్ ప్రకారం. 3–4 అయితే పరుగు ఉండదు, బరువులు మామూలే. 5 అయినా, దాటినా వారం వెనక్కి.
2. ముందు నిమిషాలు పెంచడం, వేగం చివరన. కిలోమీటరుకి 6:45 కన్నా వేగంగా వెళ్తే వాచీ మోగేలా పెట్టాను.
3. అడుగుల లయ నిమిషానికి 158 నుంచి 168కి. అడుగు పొట్టిదయితే ఒక్కో అడుగు మీద భారం తగ్గుతుంది. మెట్రోనోమ్ మళ్ళీ ఇక్కడా పనికొచ్చింది.
4. చదును దారులే. ఎక్కుడు దారిలో మడమ వేళ్ళకన్నా కిందికి దిగుతుంది.
5. బూట్లు మార్చాను. పాతవాటికి మడమకి, ముందుపాదానికి ఎత్తు తేడా 4 మి.మీ., పైగా ఐదేళ్ళ నురుగు గట్టిపడిపోయింది. కొత్తవి 10 మి.మీ.
6. పరుగు, బరువులు ఒకే రోజు, పరుగు పొద్దున, బరువులు సాయంత్రం. ఇలా చేస్తే మర్నాడు మొత్తం టెండన్‌కి ఖాళీ దొరుకుతుంది. ఒక రోజు పరుగు, మర్నాడు బరువులు చేస్తుంటే దానికి ఖాళీ రోజే లేదని లెక్క వేశాకే కనిపించింది.

దశ 3 (వారాలు 13–20): అడుగులు లెక్కపెట్టడం

అప్పటిదాకా అన్నిటికీ ఒకే లెక్క వాడేవాణ్ణి. ఎంత కష్టంగా ఉందో 10కి ఒక అంకె, దాన్ని నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం. ఒక గంట సైకిల్ కష్టం 4 అయితే 240, అరగంట పరుగు కష్టం 5 అయితే 150. శిక్షణ సాఫ్ట్‌వేర్‌లు గీసే 42 రోజుల సగటు భారం గీత కూడా ఇలాగే అన్నిటినీ కలిపేస్తుంది. అలసట తెలియడానికి ఇది మంచి లెక్కే. కానీ మడమకి ఆ 240 దాదాపు సున్నా, ఆ 150 చాలా ఎక్కువ. తొమ్మిదో వారంలో నా గీత చక్కగా, నున్నగా పైకి పోతూ ఉంది!

అందుకని పక్కనే రెండో లెక్క మొదలుపెట్టాను: వారంలో ఎడమపాదం ఎన్నిసార్లు నేలను తాకింది. పరుగు నిమిషాలు × 168, అందులో సగం.

- వారం 13: 24 నిమిషాలు, ఎడమ 2,016
- వారం 14: 36 నిమిషాలు, 3,024
- వారం 15: 54 నిమిషాలు, 4,536
- వారం 16: 72 నిమిషాలు, 6,048
- వారం 17: 60 నిమిషాలు, 5,040 (పొద్దున్న అంకె రెండు రోజులు 3, అందుకే తగ్గించాను)
- వారం 18: 84 నిమిషాలు, 7,056
- వారం 19: 105 నిమిషాలు, 8,820
- వారం 20: 125 నిమిషాలు, 10,500

వారానికి 10 శాతం మించి పెంచకూడదనే మాట అందరూ చెబుతారు. 24 నిమిషాల దగ్గర 10 శాతం అంటే రెండున్నర నిమిషాలు, దానికి అర్థం లేదు. అంకె చిన్నదిగా ఉన్నప్పుడు నేను పొద్దున్న అంకెనే నమ్మాను.

ఈ దశలో మడమ బాగుంది, భుజం చెడింది. పదిహేనో వారం ఈత పరీక్షలో 400 మీటర్లు 9:12, 200 మీటర్లు 4:20 వచ్చాయి, అంటే సీఎస్ఎస్ 2:26. ఆ ఉత్సాహంలో చేతి ప్యాడిళ్ళు (అరచేతులకు తగిలించుకుని ఈదే పలకలు) బయటికి తీశాను, రెండో వారానికి కుడి భుజం ముందువైపు లాగడం మొదలైంది. కాళ్ళు వాడకూడదని అన్నాళ్ళూ కాళ్ళ మధ్య తేలుడు ముక్క పెట్టుకుని చేతులతోనే ఈదుతున్నాను, దానికి ప్యాడిళ్ళు తోడయ్యాయి. రెండూ తీసేసి, దూరం మూడో వంతు తగ్గించి, ఎడమవైపు కూడా ఊపిరి తీసుకోవడం నేర్చుకున్నాను. పది రోజుల్లో సర్దుకుంది. 25 మీటర్లకు చేతులు వేసే సంఖ్య కూడా 26 నుంచి 22కి దిగింది, దానికి ప్యాడిళ్ళ అవసరమే పడలేదు.

పద్దెనిమిదో వారంలో మొదటిసారి ఆరుబయట నీళ్ళలో దిగాను. 150 మీటర్ల దగ్గర ఊపిరి అందలేదు, గుండె దడ, వెల్లకిలా తిరిగి తేలుతూ ఉండిపోయాను. ఐదేళ్ళ క్రితం ఇదే పని ఆలోచించకుండా చేసేవాణ్ణి కాబట్టి ఇప్పుడూ అలాగే వస్తుందనుకున్నాను, రాలేదు. పక్కన పడవలో మనిషి లేకపోతే ఏమయ్యేదో. నడుముకి తేలే బెలూను, పక్కన మనిషి, ఈ రెండూ లేకుండా దిగకండి. తరవాతి సారి నుంచి:

1. ముందు నడుములోతు నీళ్ళలో రెండు నిమిషాలు ముఖం ముంచి మెల్లగా ఊపిరి వదలడం.
2. మొదటి 100 మీటర్లు కావాలని నెమ్మదిగా.
3. ఎనిమిది చేతులకోసారి తల ఎత్తి గుర్తు చూడడం.

ఆ మొదటి రోజు 750 మీటర్ల దారిలో వాచీ 890 చూపించింది. వంకరగా ఈదినందుకు 140 మీటర్లు ఎక్కువ. నాలుగో సారికి 790కి వచ్చింది. కొలనులో నెలల తరబడి వేగం కోసం కష్టపడడం కన్నా తల ఎత్తి చూడడం వల్ల నాకు ఎక్కువ సమయం మిగిలింది.

సైకిల్ గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. పదహారో వారంలో 20 నిమిషాలు 214 వాట్లు, అంటే 203.

ఇప్పటివరకు మొత్తం (వారం 20 చివర): పరుగు 183 + 560 = 743 నిమిషాలు. ఈత 71.8 కి.మీ. సైకిల్ 74 గంటలు. పొద్దున్న అంకె 1, బిగుతు 5 నిమిషాలు. ఎడమకాలి మీద 20 సార్లు.

దశ 4 (వారాలు 21–26): సైకిల్ దిగి పరుగు, మార్పిడి చోటు

సైకిల్ దిగిన వెంటనే పరిగెత్తే సాధన మొదటి రెండుసార్లు పిక్క పట్టేసింది. చూస్తే చివరి పది నిమిషాలు బరువు గేరులో, అప్పుడప్పుడూ లేచి నిలబడి తొక్కుతున్నాను, లేచినప్పుడు మడమ కిందికి దిగుతోంది. చివరి ఐదు నిమిషాలు తేలిక గేరులో నిమిషానికి 90 తిప్పులు, కూర్చునే తొక్కాలి అని మార్చాను. మూడోసారి నుంచి పట్టలేదు.

రెండో సమస్య నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది. ఇరవై మూడో వారంలో మార్పిడి (ఈతనుంచి సైకిల్‌కి, సైకిల్‌నుంచి పరుగుకి మారడం) సాధన మాత్రమే చేసిన రోజు, మొత్తం 14 నిమిషాలు, మర్నాడు అంకె 4. ఆ రోజు పరుగే లేదు. ఏం చేశానో వరసగా రాసుకుంటే తేలింది. నీళ్ళలోంచి బయటికొచ్చి సైకిల్ దాకా ఒట్టికాళ్ళతో, వేళ్ళ మీద, పూర్తి వేగంతో ఆరుసార్లు పరిగెత్తాను. 10 మి.మీ. ఎత్తున్న బూట్లకు అలవాటు పడిన మడమకి అది ఒక్కసారిగా సున్నా. తరవాత సైకిల్ మీదికి పరిగెత్తుతూ గెంతడం, దిగేటప్పుడు ఎడమకాలి మీద పడడం. నా ప్లాన్‌లో ఇవేవీ పరుగు కింద లెక్కలోకి రావు. అన్నీ మార్చాను:

1. నీళ్ళనుంచి సైకిల్ దాకా చురుగ్గా నడక.
2. సైకిల్‌ని ముట్టుకునే ముందే హెల్మెట్ పెట్టి బకిల్ వేసుకోవాలి (నియమం).
3. ఎక్కే గీత దాటాక ఆగి, కాలు వేసి ఎక్కడం. గెంతు లేదు.
4. తిరిగొచ్చాక దిగే గీతకు ముందే ఆగి, కుడికాలు ముందు నేలకు ఆనించడం.
5. సైకిల్ స్టాండులో పెట్టాకే బకిల్ తియ్యాలి (ఇదీ నియమం).
6. పరుగు బూట్లు కూర్చుని వేసుకోవడం.

ఎలాస్టిక్ లేసుల దగ్గర కూడా ఇబ్బంది పడ్డాను. త్వరగా ఎక్కాలని బిగుతుగా కడితే బూటు వెనకగోడ సరిగ్గా ఆ నొప్పి చోటే రుద్దుకుంది. పై రెండు రంధ్రాలు వదిలేసి కట్టి, పలచటి సాక్సు వేసుకుంటే పోయింది. సాక్సుకి 15 సెకన్లు పడుతుంది, పట్టనివ్వండి.

పరుగు నిమిషాలు వారం వారం: 110, 130, 140, 95, 120, 60. ఇరవై నాలుగో వారంలో తగ్గించడానికి కారణం పైన చెప్పిన సాధనే. ముందు వారం 140 నిమిషాల మీద దాని భారం కూడా పడింది. చివరి 60 రేసుకి ముందు విశ్రాంతి.

ఇప్పటివరకు మొత్తం (వారం 26 చివర): పరుగు 743 + 655 = 1,398 నిమిషాలు, అంటే 23 గంటల 18 నిమిషాలు. ఈత 95.3 కి.మీ. సైకిల్ 103 గంటలు. బరువు వ్యాయామం 59 సార్లు, ఇప్పుడు ఒంటికాలి మీద 24 కిలోల సంచితో.

వారం 27: రేసు

- ఈత 18:55
- మొదటి మార్పిడి 4:10
- సైకిల్ 39:40, సగటు 178 వాట్లు
- రెండో మార్పిడి 2:05
- పరుగు 31:20, కిలోమీటరుకి 6:16
- మొత్తం 1:36:10

ఈత మొదట్లో గుంపుకి పక్కగా, చివరి వరసలో నిలబడ్డాను. మార్పిడిలో నా పక్కనుంచి జనం పరిగెడుతుంటే నడవడం చాలా కష్టమైంది, నిజంగా. సైకిల్ మీద ఇంకో 15 వాట్లు ఉన్నాయని తెలుస్తూనే ఉంది, వాడలేదు. పరుగుకి హద్దు 6:15 పెట్టుకున్నాను. మూడో కిలోమీటరులో ఊపిరి తేలిగ్గా ఉండి కాళ్ళు వాటంతటవే వేగం అందుకున్నాయి, వాచీ మోగింది, తొమ్మిదో వారం గుర్తొచ్చి తగ్గించాను. చివరి 200 మీటర్లలో కూడా పెంచలేదు. గీత దాటాక ఏడ్చాను. ఐదేళ్ళ క్రితం ఇదే దూరం 1:17లో చేశాను, ఆ రోజు ఇలా అనిపించలేదు.

మర్నాడు పొద్దున్న అంకె 3, బిగుతు 12 నిమిషాలు. రెండో రోజు 2. మూడో రోజు 1.

వారం 27 చివర మళ్ళీ కొలతలు: ఒంటికాలి మీద కుడి 26, ఎడమ 23. పిక్క కుడి 37.4, ఎడమ 36.7. వీసా-ఎ 86. నాడి 56. బరువు 74 కిలోలు. పిక్క తేడా 1.6 సెం.మీ. నుంచి 0.7కి వచ్చింది, కానీ ఇంకా ఉంది, కాబట్టి బరువు వ్యాయామం వారానికి రెండుసార్లు అలాగే సాగుతుంది.

తరవాత 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగు ఉన్న దూరం. దానికి పరుగు వారానికి కనీసం 180 నిమిషాలకు చేరాలి, అంటే ఎడమపాదం 15,120 సార్లు. ఇప్పటిదాకా నా అత్యధికం 140 నిమిషాలు, 11,760. ఇరవై ఎనిమిదో వారం పరుగు ఏమీ లేదు, ఈత, సైకిలే. ఇరవై తొమ్మిదో వారం 60 నిమిషాలతో మొదలు, హద్దు మళ్ళీ 6:45.